జవాబు చెప్పకండి, దారి చూపించండి

గళ్ళ నుడికట్టు ముందేసుకుని పెన్సిల్ కొరుక్కుంటూ కూర్చున్న ఆడవాళ్ళని చూస్తే జనం రెండు రకాల మాటలంటారు. ఒకటి, “హాయిగా ఉంది నీ పని, వేరే పనేం లేనట్టుంది” అని. రెండోది, “మంచిదేలెండి, మెదడుకి పదును, పెద్దయ్యాక మతిమరుపు రాదట” అని. మొదటిది దెప్పు, రెండోది మెప్పు. నాకు రెండూ నచ్చవు.

దెప్పు ఎందుకు నచ్చదో చెప్పక్కర్లేదు. మెప్పు ఎందుకు నచ్చదంటే, ఆడది చేసే పనికి ఏదో ఒక ప్రయోజనం చూపిస్తే తప్ప మనవాళ్ళ మనసు ఒప్పుకోదు. పాట పాడితే పిల్లలకి జోలపాటగా పనికొస్తుందంటారు. ముగ్గు పెడితే నడుముకి వ్యాయామమంటారు. పదకేళి నింపితే మతిమరుపుకి మందంటారు. మగవాళ్ళు ఆదివారమంతా క్రికెట్ చూస్తే అది ఏ రోగానికి మందో ఎవరూ అడగరు. సరదాకి అంటే చాలు. మనకీ ఆ ఒక్క మాట చాలనే నేనంటాను. అరగంట నాది, సరదా నాది. మందు చీటీ అక్కర్లేదు.

అయితే ఈ సరదాకి ఒక పద్ధతుంది. అది తెలియక మన ఇళ్ళల్లో దీన్ని చేజేతులా పాడు చేసుకుంటున్నాం. ఆ సంగతే చెబుదామని మొదలుపెట్టాను.

ముందు, గూఢ పదకేళి అంటే ఏమిటో తెలియని వాళ్ళ కోసం నాలుగు ముక్కలు. మామూలు పజిల్‌లో “ఏనుగు (2)” అని ఇస్తే “కరి” అని రాసేస్తాం. బ్రాకెట్లో ఉన్నది అక్షరాల లెక్క. పర్యాయపదం తెలిస్తే వచ్చింది, లేకపోతే లేదు, అంతే. గూఢ ఆధారం అలా ఉండదు. అది చూడ్డానికి మామూలు వాక్యంలా ఉంటుంది. దాని ఒక కొసన జవాబు అర్థం ఉంటుంది. మిగతా భాగంలో ఆ జవాబుని అక్షరం అక్షరం కట్టుకునే పద్ధతి ఉంటుంది. ఉదాహరణకి నేను కట్టిన ఒక చిన్న ఆధారం: “మా మల్లెపందిరిలో దాగిన అత్తగారి భర్త (2)”. అత్తగారి భర్త అంటే మామ. మరి మల్లెపందిరి ఎందుకు? “మా మల్లె” అన్నచోట మొదటి రెండక్షరాలు చూడండి. ఆయన అక్కడే కూర్చుని ఉన్నాడు.

“తలకిందులుగా వేలాడే తీగ (2)”. మనం గబ్బిలాల్నీ పొట్లకాయల్నీ తలుచుకుంటూ ఉంటాం. కానీ కిందులు చేయాల్సింది “తల” అనే మాటని. తిప్పి చదవండి, లత. “కడప నుంచి వెనక్కి వస్తే మంచం (3)”. బస్సు గురించి ఆలోచించకండి. కడపనే వెనక నుంచి చదవండి, పడక.

నాకు బాగా ఇష్టమైనది ఇంకోటి ఉంది. “వాలిలోకి వెళ్తే ముంగిలి (3)”. వాలి అనగానే సుగ్రీవుడూ, చెట్టు చాటు రాముడూ కళ్ళముందు తిరుగుతారు. ఎంత రామాయణం తిరగేసినా జవాబు దొరకదు. “లోకి” అన్న విభక్తిని విడగొట్టాలి. వాలి లో “కి”. రెండక్షరాల మధ్య కి పెడితే వాకిలి. ఎప్పుడో బడిలో బట్టీ పట్టిన విభక్తి ప్రత్యయాలు ఇన్నేళ్ళకి ఇలా ఇంటి ముందుకొచ్చి నిలబడితే ఎంత ముచ్చటగా ఉంటుందో!

ఈ ఆట ఇప్పటి రూపం పడమటి నుంచి వచ్చినదే. 1913 డిసెంబరు 21న న్యూయార్క్ వరల్డ్ పత్రికలో ఆర్థర్ విన్ అనే ఆయన అచ్చు వేయించినది మొదటి క్రాస్‌వర్డ్‌గా లెక్క. దాన్ని గూఢంగా మార్చింది ఇంగ్లండు వాళ్ళు. 1926 నుంచి అబ్జర్వర్ పత్రికలో ఒకాయన టార్కెమాడా అనే మారుపేరుతో కట్టేవాడు. ఆ పేరు స్పెయిన్‌లో జనాన్ని చిత్రహింసలు పెట్టించిన మతాధికారిది. ఆధారాలు ఎలా ఉండేవో పేరే చెబుతోంది. లండన్ టైమ్స్ 1930 ఫిబ్రవరిలో మొదలుపెట్టింది. మన దేశంలో హిందూ పేపరు పజిల్‌కి దశాబ్దాలుగా వీరాభిమానులున్నారు. తెలుగులో శ్రీశ్రీ “పదబంధ ప్రహేళిక” అని కట్టాడు, ఆరుద్ర “గళ్ళ నుడికట్టు” అని పేరు పెట్టి కట్టాడు. మహాకవులకి పనిలేక కట్టారని ఎవరైనా అనగలరా?

గళ్ళు మాత్రమే పడమటివి. మాటల్ని దాచి వెతికించే సరదా మనకి కొత్త కాదు. అరవై నాలుగు కళల జాబితాలో ప్రహేళిక ఉంది. దండి తన కావ్యాదర్శంలో ప్రహేళికల్ని పదహారు రకాలుగా విడదీసి చెప్పాడు. పింగళి సూరన ఒకే కావ్యంలో రామాయణం, భారతం రెండూ నడిపించి రాఘవపాండవీయం అన్నాడు. అవధానంలో నిషిద్ధాక్షరి, దత్తపది ఎంత గట్టి గళ్ళో ఆలోచించండి. ఇవన్నీ పండితులవి అంటారేమో. సరే, పొడుపు కథలు ఎవరివి? చింతపండు గింజలు తీస్తూ, పప్పు చెరుగుతూ ఆడవాళ్ళు పొడిచినవి. రోలు, రోకలి, తిరగలి, కుంకుడుకాయ, కవ్వం, వాటిలో ఉన్నదంతా మన సామానే. వికటకవి అన్న మాట ఎటునుంచి చదివినా ఒకటేనని పిల్లలకి మొదట చెప్పేది ఎవరు? మనమే కదా.

ఇక తెలుగులో ఒక ప్రత్యేకమైన చిక్కుంది. ఇంగ్లీషులో గడికి ఒక అక్షరం, ఇరవై ఆరింటిలో ఏదో ఒకటి. మనకి గడిలో “క” రాయాలంటే అది కకారమా, కాకారమా, కికారమా అని మొదలుపెట్టి గుణింతమంతా ఉంది. దానికి ఒత్తులు కలిపితే ఇక లెక్కే లేదు. అడ్డం మాటలో “ల్లి” వస్తే నిలువు మాటలోనూ సరిగ్గా “ల్లి”నే రావాలి. కట్టేవాళ్ళకి అది నరకం. నింపేవాళ్ళకి వరం. ఒక్క అక్షరం దొరికితే సగం మాట దొరికినట్టే.

ఉల్లి సంగతే చూడండి. “కోస్తే ఏడిపించేది (4)” అని మామూలు ఆధారం ఇచ్చారనుకోండి. కోస్తా ఆవిడ “ఉల్లిపాయ” అంటుంది. తెలంగాణ ఆవిడ “ఉల్లిగడ్డ” అంటుంది. రెండూ నాలుగక్షరాలే, రెండూ ఉల్లితోనే మొదలు. ఎవరిది తప్పు? ఎవరిదీ కాదు. మూడో గడి దగ్గర నిలువు మాట వచ్చి “పా” అనో “గ” అనో చెప్పేదాకా ఇద్దరూ ఆగాలి. ఏ ఊరి మాట గొప్పదని వాదించుకునే మన రాష్ట్రాలకి ఇంతకన్నా మర్యాదైన తీర్పు నాకు కనపడలేదు. కట్టేవాళ్ళకి కూడా ఒక మాట చెప్పాలి. మీ గళ్ళల్లో ఆనపకాయ ఉన్నప్పుడు సొరకాయా ఉండాలి. ఒక జిల్లా వంటింటి మాటలే తెలుగనుకుంటే మిగతా ఆడవాళ్ళు మొదటి గడి దగ్గరే పెన్సిల్ కింద పెడతారు.

కట్టేవాళ్ళ మీద నాకు మరో ఫిర్యాదుంది. “అర్జునుడు (3)” అని వదిలేస్తారు. కిరీటా? పార్థుడా? అది ఆధారం కాదు, జ్ఞాపకశక్తి పరీక్ష. నిఘంటువులో తప్ప ఎక్కడా కనపడని సంస్కృతపదాన్ని గళ్ళలో ఇరికించి, “చూశారా ఎంత కష్టంగా కట్టానో” అనుకోవడం కూడా అలాంటిదే. కష్టం వేరు, న్యాయం వేరు. ఇంగ్లండులో జిమెనెస్ అనే మారుపేరుతో దశాబ్దాలపాటు కట్టినాయన 1966లో ఈ కళ మీద ఒక పుస్తకమే రాశాడు. ఆయన పట్టుదలంతా న్యాయం మీదే. ఆధారంలో సరైన అర్థం ఉండాలి, ఒప్పుకోదగ్గ చమత్కారం ఉండాలి, ఆ రెండూ కాని చెత్త ఉండకూడదు. మోసం చేయొచ్చు, అబద్ధం ఆడకూడదన్నమాట.

ఈ న్యాయం గురించి ఆలోచించినప్పుడల్లా నాకు మన ఇళ్ళల్లో మాటలు గుర్తొస్తాయి. గూఢమైన ఆధారాలు విప్పడంలో కోడళ్ళకున్నంత అనుభవం ఎవరికుంటుంది? “ఇవాళ చారు కుదిరింది” అని అత్తగారంటే “ఇవాళ” అన్న మాట మీద బరువెంతో చూసుకోవాలి. “మా రోజుల్లో ఇంత నూనె పట్టేది కాదమ్మా” అన్నది చరిత్ర పాఠం కాదు. “నీ ఇష్టం” అని మొగుడన్నా, “మీ ఇష్టం” అని మనమన్నా, అందులో ఇష్టం తప్ప అన్నీ ఉంటాయి. మనం రోజంతా విప్పుతూనే ఉంటాం. తేడా ఏమిటంటే, ఇంట్లో మాటకి రెండో కొస ఉండదు. పదకేళిలో అర్థం ఒక పక్కనుంచి, చమత్కారం ఇంకో పక్కనుంచి వచ్చి ఒకే జవాబు దగ్గర కలిస్తే, ఇక అనుమానం లేదు, అదే జవాబు. ఇంట్లో అలా సరిచూసుకునే వీల్లేదు. అర్ధరాత్రి దాకా ఆలోచించినా “ఆవిడ అలా ఎందుకంది” అన్నది తేలదు. అందుకే పదకేళి నాకంత ఊరట. దాచినవాళ్ళు మనకి దొరకాలనే దాచిన చోటు అదొక్కటే.

ఇంకో సుగుణం కూడా ఉంది. మన రోజు ముక్కలు ముక్కలుగా ఉంటుంది. రెండో విజిల్‌కీ మూడో విజిల్‌కీ మధ్య కొంత, పిల్లల ఆటో వచ్చేలోపు కొంత. నవల చదవాలంటే ఆ ముక్కలు చాలవు, దారం తెగిపోతుంది. ఆధారం అలా కాదు. చదివి పెన్సిల్ పక్కన పెట్టి బట్టలు ఆరేయడానికి వెళ్ళొచ్చు. అది మెదడులో ఓ మూల తనంతట తాను నానుతూ ఉంటుంది, రాత్రి నానబోసిన మినపప్పులాగా. మూడో చీర తీగ మీద వేస్తుండగా టక్కున జవాబు తడుతుంది. మన తలలో ఎప్పుడూ తిరిగేది ఇంట్లో వాళ్ళ అవసరాల జాబితాయే. పాలు, ఫీజు, మందులు, గ్యాస్. వాటి మధ్య ఎవరి అవసరమూ కాని ఒక ఆలోచన, పూర్తిగా నాది, చల్లగా తిరుగుతూ ఉండటం చిన్న విషయం కాదు.

సరిగ్గా అక్కడే మనవాళ్ళు అడ్డుపడతారు. మన భుజం మీదుగా తొంగి చూసి జవాబు చెప్పేస్తారు. లేదా “దానికంత ఆలోచనెందుకు” అని ఫోన్ తీసి వెతికి పెడతారు. సాయం చేశామనే అనుకుంటారు పాపం. కానీ ఊరగాయ ఊరకముందే జాడీలో చెయ్యి పెట్టడం లాంటి సాయం అది. మనం అడిగింది జవాబు కాదు. జవాబు దొరికే క్షణం. అది ఒక్కసారే వస్తుంది. ఒకసారి జవాబు విన్నాక ఆ ఆధారం మీ జీవితంలో మళ్ళీ కొత్తగా ఉండదు.

అలాగని ఒంటరిగానే చేయాలని నా ఉద్దేశం కాదు. నలుగురు కలిసి విప్పితేనే దీని రుచి. కానీ కలిసి విప్పడానికి ఒక మర్యాద ఉంది. మా ఇంట్లో చాలాకాలంగా నడుస్తున్న నియమం ఇది: ఏమిటో చెప్పకూడదు, ఎలాగో చెప్పొచ్చు. అదీ అడిగితేనే, అదీ కొంచెం కొంచెంగానే. మొదటి మెట్టు, అర్థం ఏ కొసన ఉందో చెప్పడం. రెండో మెట్టు, చమత్కారం ఏ రకమో చెప్పడం. తిరగేయాలా, దాగుందా, రెండు మాటలు అతకాలా, అక్షరాలు చెల్లాచెదురు చేయాలా? మూడో మెట్టు, ఒక అక్షరం. అక్కడితో ఆపాలి.

ఈ పద్ధతి వల్ల ఏం జరుగుతుందో ఒక్క ఉదాహరణ చెబుతాను. “పెద్ద పిల్లికి గంట కడితే ప్రసాదం సిద్ధం (4)”. దీన్ని ఇంగ్లీషు మీడియంలో చదివే మా అమ్మాయికిచ్చాను. ప్రసాదం అంటే దద్దోజనమా, చక్రపొంగలా అని లెక్కపెట్టుకుంది. చక్రపొంగలికి అక్షరాలు సరిపోలేదు, దద్దోజనానికి సరిపోయినా ఆధారం కుదరలేదు. అర్థం చివరి కొసనే ఉందని చెప్పాను, రెండు మాటలు అతకాలని చెప్పాను. “పిల్లిజాతిలో పెద్దది అంటే పులి” అని తనే అంది. పులి తర్వాత ఏముంటుంది, పులిహోర! కానీ గంటకీ హోరకీ ఏం సంబంధమని అడిగింది. గుళ్ళో మోగే గంట కాదు, గడియారంలో గంట. జ్యోతిషంలో హోర అంటే రోజులో ఇరవై నాలుగో వంతు. ఇంగ్లీషు అవర్, మన హోర రెండూ ఒకే గ్రీకు మాట నుంచి వచ్చిన చుట్టాలని చెబితే తెల్లబోయింది. ఇక్కడితో అయిపోలేదు. “అయితే పులిహోరలో పులికీ పెద్దపులికీ సంబంధం ఉందా?” లేదు, అది పులుపులో పులి. కన్నడం వాళ్ళు పుళియోగరె అంటారు, తమిళులు పుళియోదరై అంటారు. కట్టినవాళ్ళు మాటని విరగకూడని చోట కావాలనే విరిచారు, తమాషా అంతా అందులోనే ఉంది.

చూడండి, పుట్టినప్పట్నించీ తింటున్న పులిహోరని ఆ పిల్ల మొదటిసారి ఒక మాటగా చూసింది. “పులిహోర” అని నేను ముందే చెప్పేసి ఉంటే ఇదంతా జరిగేదా? “ఓ, అంతేనా” అని ఫోన్‌లోకి వెళ్ళిపోయేది. పిల్లలకి తెలుగు రావట్లేదని మనం తెగ బాధపడతాం. పద్యాలు బట్టీ పట్టించాలని చూస్తాం. వాళ్ళకి కావలసింది మాటని పట్టుకుని విరిచి చూసే చొరవ. విరిచి చూసిన మాట మర్చిపోరు.

కొందరంటారు, “తెలుగు ఎమ్మేలూ బీయేలూ చదివిన వాళ్ళకి సరే, మాకెలా వస్తుంది” అని. నేను ఒప్పుకోను. పైన చెప్పిన వాటిలో ఏ మాట మీకు తెలియదు? మామ, లత, పడక, వాకిలి, పులిహోర. హోర ఒక్కటే కొంచెం కొత్త, అదీ పంచాంగం చూసే ఇళ్ళల్లో రోజూ వినపడేదే. దీనికి కావలసింది డిగ్రీ కాదు. వాక్యం చెప్పే కథని నమ్మకపోవడం. ఆ నమ్మకపోవడం మనకి సంసారం ఎప్పుడో నేర్పింది. అన్నట్టు “సంసారంలో మొదటిది వదిలేస్తే మిగిలేది రసమే (2)” అని కూడా కట్టొచ్చు. “సం” తీసేయండి, సారం మిగులుతుంది.

ఇంకొకరంటారు, “జవాబు రాకపోతే చిరాకు కదా” అని. రానివ్వండి. మన ఇళ్ళల్లో అన్నీ ఆ పూటకి తేలిపోవాలి. కూర ఆ పూటకి కావాలి, బట్టలు ఆ రోజుకి ఉతకాలి. తేలకుండా నాలుగు రోజులు ఉండగలిగేది ఒక్కటైనా ఉంటే మంచిదే. ఖాళీ గడి ఎవరి పరువూ తీయదు.

అందుకని నా మాట ఇంతే. ఇంట్లో ఎవరైనా గళ్ళ ముందు కూర్చుని ఉంటే ఖాళీగా ఉన్నారని పని చెప్పకండి. మెదడుకి మంచిదని మెచ్చుకోకండి. వీలైతే పక్కన కూర్చుని “ఎంతవరకు వచ్చింది?” అని అడగండి. మీకు జవాబు తెలిసినా నోరు కట్టుకోండి. అడిగితే ఒక మెట్టు చూపించండి. అది పజిల్‌కే కాదు, ఇంట్లో చాలా విషయాలకి పనికొచ్చే మర్యాద. లెక్క రాక ఏడుస్తున్న పిల్లాడికైనా, కొత్తగా వంట నేర్చుకుంటున్న కోడలికైనా, ఫోన్‌లో డబ్బు పంపడం నేర్చుకుంటున్న అత్తగారికైనా, చేతిలోంచి లాక్కుని చేసి పెట్టడం సాయం కాదు.

పోయే ముందు ఒకటి ఇచ్చి వెళ్తాను. ఇది గజిబిజి లేని తేలికైన రకం. రెండు ముక్కలూ అర్థాలే, రెండింటికీ ఒకటే మాట: “చెట్టును నిలబెట్టేది, ఉమ్మడి కుటుంబాన్ని విడగొట్టేది (2)”.

జవాబు నేను చెప్పను. మీకు తడితే పక్కవాళ్ళకి మీరూ చెప్పకండి.